‘ఏటా వచ్చేదేలే’ అనుకొనే ముందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకొంటూ మనం ఏటా ఈ రోజున కలుసుకొంటున్నాము. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు తేల్చింది. హక్కు సరే, దానిని అనుభవించడానికి ఊపిరి కూడా సరిగా ఆడాలి గదా! అందుకని ఈసారి డి.ఏ. బకాయిల సంగతి ఇతర వక్తలకు వదిలి, నన్ను ముక్కు, గొంతు, ఊపిరి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు.

నేను డాక్టరును కాను. కాగితాలు చదివి నోటు పెట్టడం అలవాటైన గుమాస్తాను. డాక్టర్లు మనబోటి వాళ్ళకు చెప్పే సంగతులనే ఒక వరుసలో పెట్టి మీ ముందుంచుతాను. మందు మొదలుపెట్టడం గాని, మానడం గాని మీ డాక్టరుతో మాట్లాడిన తరువాతనే చేయండి.

ధనుర్మాసం వచ్చింది. తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం, దానికి తోడు ఇంటింటా తుమ్ములు, దగ్గులు వినిపిస్తున్నాయి. ఎవరినైనా ‘ఏమండీ, ఒంట్లో బాగాలేదా?’ అని అడిగితే, ‘ఏటా వచ్చేదేలెండి’ అంటారు. నూటికి ఎక్కువసార్లు ఆ మాట నిజమే. కాని మన వయసులో ప్రాణం మీదికి తెచ్చే మాట కూడా అదే. ఏటా వచ్చేదానిని ఎలా అదుపులో పెట్టుకోవాలి, ఇది ఏటా వచ్చేది కాదని ఎలా గుర్తుపట్టాలి అన్న రెండు విషయాలే ఈనాటి నా ప్రసంగం.

అలర్జీ అంటే ఏమిటి?

మన ఒంట్లో కాపలా వ్యవస్థ ఒకటి ఉన్నది. రోగక్రిములు వస్తే అది ఎదిరిస్తుంది. కొందరిలో అది పుప్పొడి, దుమ్ము, బూజు వంటి అపకారం చేయని వాటిని కూడా శత్రువులుగా ఎంచి తిరగబడుతుంది. దానినే అలర్జీ అంటారు. 1906లో వియన్నాకు చెందిన క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు ఈ మాటను పుట్టించాడు. కాపలా కణాల నుండి హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. దానివల్లనే వరుస తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, కళ్ళ దురద, అంగిట్లో దురద, ముక్కు దిబ్బడ కలుగుతాయి.

మామూలు జలుబుకూ దీనికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. జలుబు వారం, పది రోజులలో పోతుంది. మొదట గొంతు నొప్పి, కొంచెం జ్వరం ఉండవచ్చు. అలర్జీకి జ్వరం రాదు. కారణం ఉన్నంత కాలం ఉంటుంది, కారణం తొలగితే తగ్గుతుంది. దురద ఎక్కువగా ఉంటే అలర్జీ అని అనుమానించవచ్చు. జ్వరం, ఒళ్ళు నొప్పులు ఉంటే మరేదో అని అనుకోవాలి.

వీటిలో దేనికైనా మనవాళ్ళు పెట్టే పేరు ఒకటే. ‘నాకు ఇస్నోఫీలియా ఉందండీ’ అంటారు. రక్తంలోని తెల్లకణాలలో ఇసినోఫిల్స్ అనేవి ఒక రకం. అలర్జీలో అవి పెరగవచ్చు. కడుపులో పురుగులున్నా పెరుగుతాయి, కొన్ని మందుల వల్లా పెరుగుతాయి. కనుక అది ఒక లెక్కే గాని జబ్బు పేరు కాదు. ఒక్క సందర్భంలో మాత్రం ఆ పేరు అచ్చంగా జబ్బుకే చెందుతుంది. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిములకు ఊపిరితిత్తులు తిరగబడినప్పుడు రాత్రిళ్ళు విపరీతమైన దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఉబ్బసంలాగే కనిపిస్తుంది, కాని దాని మందు వేరు. దానికి వాడే హెట్రజాన్ మాత్రను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలికి తెచ్చిన పరిశోధనకు నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాడి చలువ వల్ల ఆ జబ్బుకు మందున్నది. అయితే ప్రతి దగ్గుకూ, ప్రతి తుమ్ముకూ ఆ మాత్రే వేసుకొంటే ఆ చలువ పని చేయదు. ఏది ఏమిటో పరీక్షలో తేలాలి.

మన విశాఖలో ఏ కాలానికి ఏది?

మన ఊళ్ళో సంవత్సరం పొడుగునా ఏదో ఒక కారణం ఉంటూనే ఉంటుంది.

సంక్రాంతి ముందు ఇల్లు దులుపుతాము. అటకల మీది సామాను దించుతాము, బూజు దులుపుతాము, సున్నాలు వేయిస్తాము. ఏడాది దుమ్మంతా ఒక్క వారంలో పీలుస్తాము. తరువాత భోగి మంటల పొగ. చలిగాలి, పొగమంచు ఉన్నప్పుడు పొగా దుమ్మూ పైకి పోకుండా నేలకు దగ్గరగా నిలిచిపోతాయి.

మాఘ, ఫాల్గుణాలు మొదలు చెట్లు పూస్తాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అందంగా, రంగుగా ఉండే పువ్వుల పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. తేనెటీగలు మోస్తేనే కదులుతుంది. మనల్ని ఎక్కువగా బాధించేది గాలికి కొట్టుకొచ్చే పుప్పొడి. మన తీరంలోని సరుగుడు తోటలు, రకరకాల గడ్డి జాతులు అటువంటివి. కంటికి పువ్వు కూడా కనబడదు. అందుచేత పెరటిలోని మందారాన్ని తిట్టుకొని ప్రయోజనం లేదు. సర్కారు తుమ్మ మాత్రం ఆ కోవలోదే, చాలామందికి పడదు.

వానాకాలంలో గోడలు చెమ్మగిల్లి నల్లటి బూజు పడుతుంది. సముద్రపు తేమ మనకు ఎలాగూ ఉన్నది. వానలు వెనుకబట్టాక ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ మొక్క తెల్లటి పూలతో విరగబూస్తుంది. కాంగ్రెస్ గడ్డి అంటారే, అదే. 1950లలో విదేశీ గోధుమలతో పాటు ఈ దేశానికి వచ్చిందని చెబుతారు. దానిని ఉత్త చేతులతో పీకితే చర్మం మీద దద్దుర్లు, పగుళ్ళు వస్తాయి. పుప్పొడి ముక్కులోకి పోతే తుమ్ములు. చేతికి తొడుగులు, ఒంటికి నిండు చొక్కా లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

ఆశ్వయుజ, కార్తీకాలలో ఏడాకుల పాల చెట్లు పూస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన చెట్లన్నిటినీ పడగొట్టిన తరువాత త్వరగా పెరుగుతాయని వీటిని ఎన్నో వీధుల్లో నాటారు. ఇప్పుడు రాత్రిళ్ళు ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అంటున్నారు. అందరికీ అది అలర్జీయే కానక్కరలేదు. ఘాటు వాసన, పొగ, అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్ట, పోపులో ఎండుమిరప ఇవన్నీ ముక్కును రేపుతాయి. రేపడం వేరు, అలర్జీ వేరు. రేపేదానికి అలర్జీ మాత్ర వేసుకొంటే పెద్దగా లాభం ఉండదు. కిటికీ మూసుకోవడం, దూరంగా ఉండడమే మందు. వేడి వేడి చారన్నం తింటుంటే ముక్కు కారడం కూడా వృద్ధాప్యంలో మామూలే. అది కూడా అలర్జీ కాదు.

కాలంతో నిమిత్తం లేనిది ఇంటి దుమ్ము. పరుపులో, దిండులో కంటికి కనబడనంత చిన్న పురుగులుంటాయి. డస్ట్ మైట్స్ అంటారు. మన ఒంటి నుండి రాలే చర్మపు పొలుసులే వాటి తిండి. తేమ ఎక్కువగా ఉన్న మన తీరం వాటికి సుఖవాసం. పొద్దున్న లేవగానే తుమ్ములు, బయటికి వెళితే తగ్గుదల అయితే ఆ పురుగులనే అనుమానించాలి. రికార్డు రూములో ముప్పై ఏళ్ళ నాటి కట్ట తాడు విప్పగానే మనందరికీ తుమ్ములు వచ్చేవి, గుర్తున్నదా? దుమ్మూ బూజూ కలిసి చేసే పని అదే.

ఇంట్లో చేసుకోదగినవి

దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి బాగా వేడి నీళ్ళలో ఉతికించండి. దిండ్లు, బొంతలు ఎండలో వేయించండి. పాత దూది పరుపును ఏళ్ళ తరబడి అలాగే వాడవద్దు. పొడి చీపురుతో ఊడ్చే ముందు తడిగుడ్డ పెట్టించండి. అటక దులిపే పని ఈ వయసులో మనది కాదు. పిల్లలకు అప్పగించి పక్కింటికి వెళ్ళి కాఫీ తాగి రండి. తప్పనిసరి అయితే మాస్కు కట్టుకోండి. 2020లో కొన్నవి ఇంకా ప్రతి ఇంటా ఉన్నాయి.

కూలరు గడ్డిని, ఏ.సి. జల్లెడను వేసవి మొదట్లోనే శుభ్రం చేయించండి. ఉదయం నడకను మంచు తెర విడి ఎండ వచ్చిన తరువాతకు మార్చుకోండి. బయటినుండి రాగానే ముఖం, కళ్ళు చల్లటి నీళ్ళతో కడుక్కోండి.

ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మన యోగంలోని జలనేతే. ఇప్పటి డాక్టర్లు కూడా మెచ్చుకొనే పద్ధతి. గ్లాసు నీటికి పావు టీస్పూను నుండి అర టీస్పూను లోపు ఉప్పు చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం మరువవద్దు. నీళ్ళు మరగకాచి చల్లార్చినవే అయి ఉండాలి. కుళాయి నీళ్ళు తిన్నగా ముక్కులో పోయరాదు. నీటిలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు ఎక్కితే ప్రాణాపాయం.

మిరియాల కషాయం, అల్లం టీ, పసుపు పాలు గొంతుకు హాయినిస్తాయి. తాగండి, చక్కెర వ్యాధి ఉన్నవారు బెల్లం మానండి. అవి అలర్జీని మాన్పుతాయని మాత్రం డాక్టరు మందు ఆపవద్దు. ఆవిరి పట్టేవారు ఒళ్ళో గిన్నె పెట్టుకొని ముసుగు వేసుకోవద్దు. చేయి వణికి గిన్నె ఒలికితే తొడలు కాలుతాయి. గిన్నె బల్ల మీద కదలకుండా ఉండాలి, పక్కన ఎవరైనా ఉండాలి.

మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఇచ్చే చేప మందు గురించి చాలామంది అడుగుతారు. నమ్మకం ఎవరిది వారిది, వాదించను. కాని ఆ చేప మింగామని ఇన్‌హేలరు పక్కన పడేయడం మాత్రం ప్రమాదం.

మందుల షాపు ముందు నిలబడినప్పుడు

‘తుమ్ములకు ఏదైనా ఇవ్వు బాబూ’ అని అడిగి తెచ్చుకోవడం మనకు అలవాటు. ముప్పై ఏళ్ళ వాడికి సరిపోయిన మాత్ర డెబ్బై ఏళ్ళ వాడికి సరిపోదు.

పాతకాలపు అలర్జీ మాత్రలు, అనగా క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ వంటివి, మత్తునిస్తాయి. చాలా జలుబు మాత్రల్లోను, దగ్గు మందుల్లోను ఇవి కలిసి ఉంటాయి. రాత్రి వేసుకొని పడుకొని మధ్యలో మూత్రానికి లేచి తూలి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ప్రోస్టేటు వాపు ఉన్న మగవారికి మూత్రం బిగదీసుకుపోవచ్చు. కొన్ని రకాల నీటికాసుల జబ్బు ఉన్నవారి కంటికి ముప్పు. మతిమరుపు, తికమక, మలబద్ధకం ఎక్కువ కావచ్చు. మన వయసులో వీటిని దూరంగా ఉంచడమే మంచిదని డాక్టర్లు చెబుతారు.

తరువాత వచ్చిన సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మేలు. వీటిలో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కొందరికి మత్తునిస్తాయి. కిడ్నీ బలహీనంగా ఉంటే వాటి మోతాదు తగ్గించాలి. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో వేసుకొంటే ఒంటికి సరిగా పట్టదు. మంచినీళ్ళతోనే వేసుకోవాలి.

మాంటెలుకాస్ట్ అనే మందు లెవోసెట్రిజిన్‌తో కలిపి ఒకే మాత్రగా చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. దీనివల్ల కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కలుగుతాయని 2020 మార్చిలో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక జారీ చేసింది. అది వాడుతున్న పెద్దాయన అకారణంగా ముభావంగా మారితే ‘వయసు మీద పడింది’ అని ఊరుకోక డాక్టరుకు చెప్పండి.

ముక్కు దిబ్బడకు వేసే చుక్కలు, అనగా జైలోమెటజొలిన్, ఆక్సిమెటజొలిన్, నిమిషాలలో ముక్కును తెరుస్తాయి. అందుకే వదలబుద్ధి కాదు. మూడు నాలుగు రోజులకు మించి వాడితే ఆ చుక్కల వల్లనే ముక్కు మూసుకుపోతుంది. దిబ్బడ తీసే మాత్రలు బి.పి.ని పెంచుతాయి. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు వాటి జోలికి పోవద్దు.

డాక్టరు రాసే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే వేరు. ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటివి. ‘స్టెరాయిడ్ అట!’ అని భయపడతాము. అది ముక్కులోనే పని చేస్తుంది, ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. అయితే ఈ రోజు కొడితే ఈ రోజే గుణం కనబడదు. రోజూ క్రమం తప్పక కొడితే కొద్ది రోజుల నుండి రెండు వారాలలో పూర్తి ఫలితం వస్తుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి, మధ్య గోడకు తగలకుండా బయటివైపుకు కొట్టాలి. గట్టిగా ఎగబీల్చవద్దు.

నిజంగా భయపడవలసినది స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్ల విషయంలో. ‘ఒక్క సూదితో తగ్గిపోతుంది’ అని వేసే దానిలో, పొట్లం కట్టి ఇచ్చే పేరులేని మాత్రలలో తరచు ఉండేది అదే. ఒక్కసారికి ఒళ్ళు తేలికపడుతుంది. పదేపదే వాడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, కంట్లో శుక్లాలు ముదురుతాయి. ఉబ్బసం ఎక్కువైనప్పుడు డాక్టరు కొద్దిరోజులు రాస్తే తప్పక వాడాలి. డాక్టరు చీటీ లేకుండా మాత్రం వద్దు.

ఇన్‌హేలరు అలవాటైపోతుందన్నది అపోహ. మాత్ర కంటే ఎంతో తక్కువ మందు, కావలసిన చోటికే పోతుంది. చేయి వణికేవారు స్పేసరు అనే గొట్టం పెట్టుకొని పీల్చవచ్చు. స్టెరాయిడ్ ఇన్‌హేలరు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి.

అలర్జీ వేషంలో వచ్చేవి

అసలు విషయానికి వస్తున్నాను. చిన్నప్పటినుండి ఉన్న అలర్జీ వయసుతో తరచు తగ్గుతుంది. అరవై, డెబ్బై దాటాక మొట్టమొదటిసారి అలర్జీ రావడం తక్కువ. కాబట్టి ఈ వయసులో కొత్తగా వచ్చినదానికి ‘అలర్జీ’ అని మనకు మనమే పేరు పెట్టుకోరాదు.

మన సభ్యులొకరి సంగతి వారి అనుమతితోనే చెబుతున్నాను. ఆయనకు ఏటా కార్తీకం నుండి సంక్రాంతి దాకా తుమ్ములు, దగ్గు. ఒక ఏడు దగ్గు వచ్చింది. అలవాటైన మాత్ర, అలవాటైన దగ్గు మందు వాడారు. మూడు వారాలైనా తగ్గలేదు. ఇంటావిడ గమనించింది. రాత్రి ఒక దిండుతో పడుకొనే మనిషి రెండు దిండ్లు వేసుకొంటున్నాడు. తరువాత మూడు. తరువాత పడక కుర్చీలోనే తెల్లవారుస్తున్నాడు. సాయంత్రానికి చెప్పులు బిగుతవుతున్నాయి. రైతుబజారునుండి వస్తూ సగం దారిలో ఆగుతున్నాడు. ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటే. ‘ఏమండీ, ఏటా మీకు తుమ్ములుండేవి. ఈసారి తుమ్ములేవీ?’

ఆ ప్రశ్నతోనే ఆసుపత్రికి బయలుదేరారు. ఎకో పరీక్షలో గుండె బలహీనపడిందని, ఊపిరితిత్తులలో నీరు చేరిందని తేలింది. వైద్యం జరిగింది. ఆ దంపతులు ఈ హాలులోనే కూర్చొని ఉన్నారు. ఆవిడ డాక్టరీ చదవలేదు. ఏటా ఉండేది ఏమిటో ఆమెకు తెలుసు. దానిలో ఏది కొత్తగా చేరింది, ఏది లేకుండా పోయింది అని చూసింది. ఇంతకు మించిన సూత్రం నాకు తెలియదు.

మరొకరిది విచారకరమైన కథ. నెలల తరబడి దగ్గు, సాయంత్రం వెచ్చబడటం, బరువు తగ్గడం. ‘ఇస్నోఫీలియా’ అనుకొంటూ గడిపారు. చివరికి క్షయ అని తేలేసరికి ఆలస్యమైంది, ఆయన దక్కలేదు. ఒళ్ళో ఆడుకొనే మనుమడికి కూడా పరీక్షలు, మందులు అవసరమయ్యాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలన్నది ప్రభుత్వ నియమం. పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. నామోషీ పడవలసినది ఏమీ లేదు.

మన మందులే అలర్జీ వేషం వేయడం కూడా ఉన్నది. బి.పి.కి, గుండెకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ వల్ల కొందరికి కఫం లేని పొడి దగ్గు వస్తుంది. మొదలుపెట్టిన కొన్ని నెలలకు కూడా రావచ్చు. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. మీరుగా మానవద్దు. అదే మందుల వల్ల పెదవులు, నాలుక వాచితే అది అత్యవసరం. నీటికాసులకు కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పించగలవు. ‘కంట్లో చుక్కకూ ఊపిరికీ ఏమి సంబంధం?’ అనుకొంటాము, కనుక కంటి డాక్టరు దగ్గర ఉబ్బసం సంగతి, ఛాతీ డాక్టరు దగ్గర కంటి చుక్కల సంగతి తప్పక చెప్పండి. ఆస్పిరిన్, కొన్ని నొప్పుల మాత్రలు కూడా కొందరు ఉబ్బస రోగులకు పడవు.

ఎప్పుడు వెళ్ళాలి?

ఫైలులో కాగితాలను మామూలు, అర్జంటు, అతి అర్జంటు అని విడదీసేవాళ్ళము. ఇదీ అంతే.

మామూలు: ఏటా వచ్చే కాలంలోనే, ఏటా వచ్చే తీరులోనే తుమ్ములు, దురద, నీళ్ళ ముక్కు, జ్వరం లేదు, ఆయాసం లేదు, నిద్ర పడుతోంది. ఇంటి జాగ్రత్తలు, డాక్టరు ఇదివరకు చెప్పిన మందు చాలు. కాలం తెలుసు గనుక, దానికి రెండు వారాల ముందే ముక్కు స్ప్రే మొదలుపెట్టాలేమో డాక్టరును అడగండి.

అర్జంటు, అనగా ఈ వారంలోనే డాక్టరును చూడవలసినవి: రెండు వారాలు దాటిన దగ్గు, ఈ వయసులో కొత్తగా మొదలైన పిల్లికూతలు, ఒకే వైపు ముక్కు దిబ్బడ, ఒకే వైపు నుండి రక్తం లేదా దుర్వాసన, బుగ్గల్లో, నుదుట నొప్పితో పాటు పచ్చని చీమిడి, జ్వరం, తగ్గుతున్న బరువు, మందు వాడినా నెల రోజులుగా నిద్ర పట్టనివ్వని బాధ.

అతి అర్జంటు, అనగా రాత్రయినా, పండుగయినా ఆగకూడనివి: ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం, వెల్లకిలా పడుకోలేకపోవడం, ఛాతీ నొప్పి, కఫంలో రక్తం, ఇన్‌హేలరు పీల్చినా ఉపశమనం లేకపోవడం, లేదా నాలుగు గంటలు కూడా నిలవకపోవడం, పెదవులు నీలబడటం, నాలుక, పెదవులు వాయడం, ఒళ్ళంతా దద్దుర్లతో పాటు కళ్ళు తిరగడం. షుగరు ఉన్నవారికి ముఖం ఒకవైపు వాచి ముక్కునుండి నల్లటి స్రావం వస్తే అదీ ఇందులోనిదే. 2021లో నల్ల ఫంగస్ ఎంత వేగంగా కళ్ళనూ ప్రాణాలనూ తీసిందో చూశాము. 108కి ఫోను చేయండి. ‘అబ్బాయి ఆఫీసునుండి వచ్చాక వెళదాం’ అనవద్దు.

కరోనా నాడు కొన్న ఆక్సిజను మీటరు ఇంట్లో ఉంటే, వేలు వెచ్చగా ఉంచి చూడండి. 95, ఆపైన ఉండటం మామూలు. 94కు తగ్గితే డాక్టరుకు చెప్పాలి. 90కి దిగుతుంటే ఆసుపత్రికే. పాత ఊపిరితిత్తుల జబ్బు వల్ల డాక్టరు వేరే అంకె చెప్పినవారు దానినే పాటించాలి. అంకె బాగుందని ఆయాసాన్ని మాత్రం కొట్టిపారేయవద్దు.

ఎక్కడికి వెళ్ళాలంటే, మన ఊరిలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది, ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నది. ముక్కుకు ఇ.ఎన్.టి. డాక్టరు, ఊపిరికి ఛాతీ డాక్టరు. ఏ పుప్పొడి పడదో తెలుసుకొనేందుకు చర్మ పరీక్ష ఉన్నది. దానికి కొన్ని రోజుల ముందు అలర్జీ మాత్రలు ఆపవలసి ఉంటుంది గనుక ముందే అడగండి. డాక్టరు అడగకుండా వంద పదార్థాల రక్తపరీక్ష ప్యాకేజీలకు డబ్బు పోయవద్దు. మందుల ఖర్చుకు జన ఔషధి కేంద్రాలు కొంత ఊరట.

ఒక రిజిస్టరు పెట్టండి

మనలో ఎవరికీ రిజిస్టరు రాయడం నేర్పనవసరం లేదు. ఒక రూపాయి పుస్తకం కాకపోతే పాత డైరీ తీయండి. నాలుగు గళ్ళు గీయండి. తేదీ, బాధ, ఆ రోజు ప్రత్యేకంగా ఏమి జరిగింది, వేసుకొన్న మందు. దుమ్ము దులిపారా, పొగ పీల్చారా, కొత్త బి.పి. మాత్ర మొదలైందా అన్నది మూడో గడిలో రావాలి. ఒక్క ఏడాది రాస్తే మీ కాలం ఏదో మీకే తెలుస్తుంది. డాక్టరుకు మనం చెప్పుకొనేందుకు దొరికేది అయిదు నిమిషాలు. ఆ పుస్తకం, వాడే మందులన్నీ వేసిన సంచీ, కంటి చుక్కలతో సహా, ముందు పెడితే ఆయన పని సగం అవుతుంది.

ఏటా మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాము. ఆ నెలలోనే ఊపిరితిత్తులనూ, బి.పి.నీ, షుగరునూ చూపించుకొనే నియమం పెట్టుకొందాము. ఏటా వేసుకోవలసిన ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా గురించి అప్పుడే అడుగుదాము.

ఇక్కడికి వచ్చిన కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు, అల్లుళ్ళకు ఒక మనవి. మీ పెద్దవాళ్ళు బాధ చెప్పరు. ఖర్చు అవుతుందనో, మీకు సెలవు దొరకదనో ‘ఏటా వచ్చేదేలే’ అంటారు. నోటిమాట కాక దిండ్లు లెక్కపెట్టండి, చెప్పులు బిగుతయ్యాయేమో చూడండి, మెట్లెక్కుతూ ఎక్కడ ఆగుతున్నారో గమనించండి. ఒంటరిగా ఉన్న కుటుంబ పెన్షనరు సోదరీమణులకు ఆ పని చేసేవారు ఇంట్లో లేరు. కనుక ప్రతి వీధిలోని మన సభ్యులు వారికి వారానికొకసారి ఫోను చేసి పలకరించాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను. ఫోనులో మాట మధ్య ఊపిరి తీసుకోవడం ఎక్కువైతే తెలిసిపోతుంది.

 వచ్చే ఏడు డిసెంబరు 17న మనమందరం ఇదే లెక్కతో, ఒక్క తల తగ్గకుండా కలుసుకోవాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.